రంగు చెదరని తొమ్మిది

వెండెల్ కాఫీ కప్పు ఎడమ చేత్తో ఎత్తాడు.

అంతే, ఇంకేం జరగలేదు. కానీ పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తున్న బెర్నడీన్ అట్లకాడ పక్కన పెట్టి తిరిగి చూసింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ చేతుల్ని చూస్తున్న మనిషి. వాడు పాలసీసా పట్టుకున్నది కుడి చేత్తో. మొదటి బంతి విసిరి పక్కింటి కిటికీ అద్దం బద్దలుకొట్టింది కుడి చేత్తో. ఇప్పుడు కార్డ్‌వెల్ బేస్‌బాల్ జట్టువాళ్ళు జీతమిచ్చి మరీ సొంత ఊళ్ళో ఆడిస్తున్నది కూడా ఆ కుడి చెయ్యి చూసే.

"ఏరా, చెయ్యి నొప్పిగా ఉందా?"

"లేదే."

"మరి కప్పు అటు పట్టుకున్నావేం?"

"పిడి ఎటు తిప్పితే అటు పట్టుకోవడమే కదమ్మా. దీనిక్కూడా డాక్టరుని పిలుస్తావా?"

ఆవిడ పొయ్యి కట్టేసింది. వచ్చి ఎదురుగా కూర్చుని, "చొక్కా చెయ్యి పైకి మడువు" అంది. వాడు నవ్వి తప్పించుకోబోయాడు. ఆవిడ కదల్లేదు. చివరికి మడిచాడు. మోచేయి లోపలివైపు, ఎముక పక్కన, కోడిగుడ్డు సొనంత వాపు. వేలితో ముట్టుకుందో లేదో వాడి పెదవి బిగుసుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడు వారాలు."

"మీ మేనేజర్‌కి తెలుసా? ఆ కట్లు కట్టే డ్వైట్‌కి?"

"ఎవరికీ తెలీదు. తెలియకూడదు కూడా." వాడి గొంతు తగ్గింది. "అమ్మా, విను. సెప్టెంబర్ ఒకటిన పెద్ద లీగులో ఆడే మా పై జట్టు ఇంకొంతమందిని తీసుకుంటుంది. మా దగ్గర్నుంచి నన్నే పంపుతారని మా మేనేజర్ గ్రేడీ చెప్పకనే చెప్పాడు. ఇంకా పద్దెనిమిది రోజులు. ఈలోగా చెయ్యి నొప్పన్న మాట ఒక్కటి బయటికొచ్చిందా, నా బదులు ఇంకొకడు విమానం ఎక్కుతాడు."

విమానం అన్న మాటకి కూడా ఆవిడకి భయమే. దాన్ని పక్కకి నెట్టింది. "అక్కడికెళ్ళాక?"

"వెళ్ళాక నేనే చెప్తాను. పై జట్టులో చేరినవాడికి వైద్యం వాళ్ళే చేయిస్తారు. ఇక్కడివాడినైతే సంచి సర్దుకోమంటారు. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

బెర్నడీన్ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, బడి వంటశాలలో పిల్లలకి వండిపెడుతూ బతికిన మనిషి. ఎదుటివాళ్ళు తెలివిగా మాట్లాడితే ఎక్కడో తనకే అర్థం కాలేదేమో అనుకుంటుంది. భర్త లైల్ నది మీద సరుకు పడవల్లో పనిచేస్తాడు, నెల రోజులు నీళ్ళ మీద, నెల రోజులు ఇంట్లో. ఇప్పుడు నీళ్ళ మీద ఉన్నాడు. అడగడానికి ఎవరూ లేరు. మాట ఇచ్చేసింది.

ఇచ్చిన క్షణం నుంచి ఆవిడకి నిద్ర పట్టలేదు.

వెండెల్ చేసే పని చివరి ఇన్నింగ్స్ కాపాడటం. ఎనిమిది ఇన్నింగ్స్ వేరేవాళ్ళు బంతి విసురుతారు. జట్టు ఒకటో, రెండో, మహా అయితే మూడో పరుగులతో ముందుంటే, తొమ్మిదో ఇన్నింగ్స్‌కి ఎడమ కంచె తలుపు తెరుచుకుని వెండెల్ బయటికొస్తాడు. ఉన్న బలమంతా పెట్టి ఇరవై బంతులు విసిరి ఆట ముగిస్తాడు. జట్టు వెనకబడినా, బాగా ముందున్నా వాడితో పని లేదు, కంచె వెనక కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతుంటాడు.

అంటే స్కోరు దగ్గరగా ఉంటేనే వాడి చేతికి ముప్పు. ఆవిడకి అది మటుకు బాగా అర్థమైంది.

అందుకే ఆ సాయంత్రం యాపిల్ పై అనే తీపి వంటకం ఒకటి చేసి పట్టుకుని రెండిళ్ళ అవతలున్న ఓటిస్ ఫెంట్రెస్ దగ్గరికి వెళ్ళింది. ఆయన వాళ్ళ నాన్న స్నేహితుడు. చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది. కార్డ్‌వెల్ మైదానంలో స్కోరు గోడ మీద రేకు అంకెలు తగిలించే పని ముప్పై ఒక్క ఏళ్ళు చేసి దిగిపోయాడు. కొత్త అంకెలు వచ్చినప్పుడు పాతవి పారేస్తుంటే మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నాడు. షెడ్డు గోడ నిండా మేకులకి అవే వేలాడుతుంటాయి, ఒక్కోటి చేటంత.

"బాబాయ్, ఆటలు ఎక్కువగా ఏ స్కోరుతో అయిపోతాయి?"

"పందెం గానీ కాస్తున్నావా, బెర్నీ? చర్చి ఫాదర్‌కి చెప్పనా?"

"ఊరికే అడిగా."

"నువ్వు ఊరికే అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఉరుమొస్తే పిడుగు ఎక్కడ పడుతుందని అడిగే పిల్లవి." ఆయన యాపిల్ పై ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, ఫోర్కుతో గోడ మీదికి చూపించాడు. "నన్నడగడం దేనికి? వాటినడుగు. అవన్నీ చివరి మొత్తం చూపించే రేకులు. చూడు."

చూసింది. రెండు, మూడు, నాలుగు అంకెల అంచులు అరిగిపోయి, మేకు కన్నాలు సాగిపోయి, తెల్ల రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. మూడు అయితే ముసలివాడి పన్నులా తుప్పు పట్టి వంగిపోయింది. ఒకటి, అయిదు కొంచెం నయం. ఏడు దగ్గర్నుంచి రంగు బాగుంది. ఆఖరున తొమ్మిది, కొన్ననాటి మెరుపుతో ఉంది, ఒక్క గీత లేదు.

"మూడుకి ఏటేటా రంగు వేసేవాణ్ణి. తొమ్మిదికి ఈ జన్మలో వెయ్యలేదు" అన్నాడు ఓటిస్. "అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చేది మూడు–రెండు. దాని వెనక నాలుగు–మూడు. ఆ తర్వాత రెండు–ఒకటి, అయిదు–నాలుగు, అలా. పది ఆటల్లో మూడు ఒక్క పరుగు తేడాతోనే తేలతాయి."

"పదింటికి మూడు ఆటలా?" ఆవిడ ఆయన వైపు గిరుక్కున తిరిగింది. "మూడా!"

"ఏం, తక్కువయ్యాయా?"

"తొమ్మిది–ఒకటి లాంటివి రావా?"

"వస్తాయి, ఎప్పుడో. ఆ రోజు మీవాడికి సెలవే. హాయిగా గింజలు నములుకుంటాడు."

ఆ మాట ఆవిడ మందుబిళ్ళలా మింగింది.

వంటింట్లో విత్తనాల కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఉంది. శవపేటికల దుకాణంవాళ్ళు ఇంకా మంచి బొమ్మలున్నది ఇచ్చారు గానీ, దాన్ని గోడకి తగిలించే ధైర్యం ఆవిడకి ఎప్పుడూ లేదు. విత్తనాల క్యాలెండరులో రోజూ స్కోరు రాయడం మొదలుపెట్టింది. వెండెల్ విసిరిన రోజు చుట్టూ గీత. బుధవారం మూడు–రెండు, గీత. గురువారం నాలుగు–మూడు, గీత. శనివారం రెండు–ఒకటితో ఓడిపోయారు, విసరలేదు. ఊరంతా ఉసూరుమంటే ఆవిడ ఇంటికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆదివారం మళ్ళీ మూడు–రెండు. ఆ సాయంత్రం వాడు స్నానాల గదిలో చేతిని ఐసు తొట్టిలో పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. తలుపు బయట నిలబడ్డ తల్లికి మంచుముక్కలు కదిలే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. స్పృహ తప్పాడేమోనని రెండుసార్లు తలుపు కొట్టింది.

"బతికే ఉన్నానమ్మా!"

"ఊరికే అడిగాన్రా."

సోమవారం నుంచి జపమాల తిప్పడం మొదలుపెట్టింది. గెలవాలని కాదు, ఓడాలనీ కాదు. దేవా, తేడా పెద్దగా ఉండనీ. అంతే కోరిక. ఏ తల్లీ ఏ చర్చిలోనూ ఇలాంటిది అడిగి ఉండదని ఆవిడకి సిగ్గుగా ఉండేది. అయినా అడిగింది.

దేవుడు విన్నాడు. సోమవారం పది–రెండుతో ఓడిపోయారు. మంగళవారం ఎనిమిది–ఒకటి, గెలుపు. బుధవారం ఏడు–సున్నా, ఓటమి. గురువారం వాన. శుక్రవారం పదకొండు–నాలుగు, గెలుపు. శనివారం తొమ్మిది–మూడు, ఓటమి. వారమంతా క్యాలెండరులో ఒక్క గీత లేదు. ఓటిస్ కంచె మీంచి అరిచాడు, "బెర్నీ, నా పాత తొమ్మిదిని మైదానానికి పంపమంటావా? వాళ్ళ కొత్తది అరిగిపోయేట్టుంది!"

ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. వారం నించి వాడి చేతికి విశ్రాంతి. తగ్గుతుంది. తగ్గకేం చేస్తుంది?

ఆ శనివారం సాయంత్రం వెండెల్ దోసకాయ పచ్చడి సీసా మూత తిప్పబోయాడు. తిరగలేదు. సీసాని కడుపుకి ఆనించుకుని మళ్ళీ తిప్పాడు. మొహం తెల్లగా అయిపోయి, సీసా బల్ల మీద పెట్టేసి, ఏమీ జరగనట్టు టీవీ ముందుకి వెళ్ళిపోయాడు. బెర్నడీన్ ఆ మూత తిప్పి చూసింది. రెండు వేళ్ళతో వచ్చేసింది.

ఆరు రోజుల విశ్రాంతి కూడా పనిచెయ్యలేదు. అప్పుడు పోయింది ఆవిడకి ఆశ. ఇంకో మూడు–రెండు వచ్చిందంటే ఆ చెయ్యి విరుగుతుంది. మాట తప్పినా సరే. వాడు జన్మంతా మొహం చూడకపోయినా సరే. రేపు డ్వైట్‌కి చెప్పెయ్యాలి.

ఆదివారం, ఆగస్టు ఇరవై అయిదు. మధ్యాహ్నం ఆట. చర్చి నుంచి తిన్నగా మైదానానికి వెళ్ళింది. పక్కన ఓటిస్. ఎండ చెక్కబల్లల్ని కాల్చేస్తోంది.

"ఇవాళ అవతలి జట్టులో బంతి విసిరే పిచర్ మొనగాడు" అన్నాడు ఓటిస్. "రెండు–ఒకటో, మూడు–రెండో. రాసిపెట్టుకో."

అయిదు ఇన్నింగ్స్ అయ్యేసరికి రెండు–ఒకటి. కార్డ్‌వెల్ ముందుంది. ఓటిస్ మోచేత్తో పొడిచాడు, "చెప్పానా?" గోడ మీద రెండు, ఒకటి. ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. ఇంకెంత, ఒక గంట. ఆ తలుపు తెరుచుకుంటుంది, వాడు వస్తాడు.

ఆరో ఇన్నింగ్స్‌లో కార్డ్‌వెల్ బ్యాటింగ్ మొదలవగానే సంచి పట్టుకుని లేచింది. "ఎక్కడికే?" అన్నాడు ఓటిస్. "ఇప్పుడే వస్తా." మెట్లు దిగి, ఆటగాళ్ళు కూర్చునే గొయ్యి పక్కన రైలింగ్ దగ్గర నిలబడింది. డ్వైట్ అక్కడే, ఎవడిదో మడమకి కట్టు కడుతూ వంగి ఉన్నాడు.

"డ్వైట్, ఒక్క మాట."

"ఒక్క నిమిషం బెర్నడీన్ గారూ, ఈ కాలు వదిలితే పారిపోయేట్టున్నాడు."

ఆవిడ ఆగింది. ఆ నిమిషంలో బ్యాటు పేలినట్టు చప్పుడైంది. బంతి గాల్లో లేచి, కుడి కంచె దాటి, కార్లు ఆపే చోట ఎక్కడో పడింది. ఆవిడ దిగేలోపు బేస్‌ల మీదికి చేరిన ఇద్దరితో కలిపి మూడు పరుగులు. జనం లేచి నిలబడ్డారు. ఇంకో దెబ్బ, ఇంకో పరుగు. కట్టు కట్టించుకుంటున్నవాడు కూడా ఒంటికాలి మీద గెంతుతుంటే డ్వైట్ వాణ్ణి పట్టుకోలేక తిట్టాడు. అవతలి మొనగాడిని దింపేశారు. కొత్తగా వచ్చినవాడు ఇంకా అన్యాయం. బెర్నడీన్ రైలింగ్ పట్టుకుని గోడకేసి చూస్తోంది. రెండు తీశారు, అయిదు. అయిదు తీశారు, ఆరు. తర్వాత ఏడు. చివరికి తొమ్మిది తగిలించారు, తెల్లగా, ఎండలో అద్దంలా మెరుస్తూ.

తొమ్మిది–ఒకటి.

తనకి తెలియకుండానే చప్పట్లు కొట్టింది. వెనకనుంచి ఎవరో అరిచారు, "ఓయ్, వెండెల్ వాళ్ళమ్మ చప్పట్లు కొడుతోందోయ్! వాన గానీ వస్తుందా ఏంటి!" జనం నవ్వారు. ఆవిడా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

"ఆఁ, చెప్పండి" అన్నాడు డ్వైట్, చేతులు తుడుచుకుంటూ వచ్చి. "ఏంటి విషయం?"

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఇవాళ వాడు విసరడు. రేపు జట్టుకి సెలవు. ఇంకా ఆరు రోజులు. ఇలాంటివి ఇంకో నాలుగైదు వస్తే చాలు, వాడి విమానం వాడికి దక్కుతుంది, తన మాట తనకి దక్కుతుంది.

"ఏం లేదు బాబూ. వెండెల్‌కి స్వెట్టర్ తెచ్చాను, ఇస్తావేమోనని."

డ్వైట్ ఆకాశంకేసి చూశాడు. "ఈ ఎండలోనా?"

"సాయంత్రం చల్లబడుతుందేమో."

"మా అమ్మ కూడా ఇంతే" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. సంచిలో స్వెట్టర్ లేదన్న సంగతి కూడా ఆయన గమనించలేదు.

పైకొచ్చి కూర్చుంది. ఓటిస్ కొనిచ్చిన వేరుశెనక్కాయలు తిన్నది. ఏడో ఇన్నింగ్స్‌లో ఆనవాయితీ ప్రకారం అందరూ లేచి పాడితే తనూ పాడింది. ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యాక కొందరు ఇళ్ళకి బయలుదేరారు. మొక్కజొన్న ఉడకబెట్టాలి, వెన్న ఉందో లేదో అని ఆవిడ ఆలోచిస్తోంది.

ఎడమ కంచె తలుపు తెరుచుకుంది.

ముప్పై ఒకటో నంబరు చొక్కా. తలవంచుకుని, మెల్లగా పరుగెత్తుతూ వస్తున్నాడు.

"అదేంటి?" అంది. "బాబాయ్, అదేంటి? మావాడొస్తున్నాడేంటి? తొమ్మిది–ఒకటి కదా!"

ఓటిస్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "అవును కదూ. వారం అయింది కదా వాడు విసిరి. చెయ్యి బిగుసుకుపోతుందని తిప్పిస్తారు. ఊరికే, ఒళ్ళు కదలడానికి."

"స్కోరు?"

"దీనికి స్కోరుతో పని లేదే అమ్మాయ్. అయిదారు రోజులు ఖాళీగా ఉంచితే ఏ మేనేజరైనా ఇదే చేస్తాడు. అసలు స్కోరు పెద్దదైతేనే చేస్తాడు, పోయేదేం లేదు కాబట్టి."

"మీరు చెప్పలేదే నాకు!"

ఆయన వింతగా చూశాడు. "నువ్వు అడగందే?" అన్నాడు.

ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది. సంచి ఎక్కడో జారిపోయింది. ఇళ్ళకి పోతున్న జనం ఎదురొస్తున్నారు, పిల్లల్ని ఎత్తుకుని, కుర్చీ మెత్తలు చంకన పెట్టుకుని. "జరగండి, బాబూ, జరగండి." ఎవరో "ఆట అయిపోయిందిలే ఆంటీ, తొందరేముంది" అన్నారు. మొదటి బంతి చేతిలోంచి గ్లోవులోకి పోయిన చప్పుడు వినపడింది. రెండోది. మైదానంలో జనం మాట్లాడుకుంటున్నారు, ఎవరూ చూడటం లేదు. ఆవిడ రైలింగ్ పట్టుకుని "డ్వైట్!" అని అరిచింది. డ్వైట్ సీసాలు సర్దుతున్నాడు. తల తిప్పాడు.

మూడో బంతి ఎటో పోయింది. క్యాచర్ నెత్తి మీంచి, వెనక వల దాకా. అందరూ బంతిని చూశారు. తల్లి చేతిని చూసింది. అది మోచేయి దగ్గర్నుంచి, ఎవరిదో వస్తువు తగిలించినట్టు, పక్కన వేలాడుతోంది. వాడు అరవలేదు. ఎడమ చేతి గ్లోవుతో దాన్ని కిందనుంచి పట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు, ఏదో పారేసుకున్నవాడిలా.

ఆట తొమ్మిది–ఒకటితోనే అయిపోయింది.

పట్నంలో డాక్టరు స్కాన్ ఫిల్ము దీపానికి పెట్టి చూపించాడు. లోపల ఎముకల్ని కలిపి ఉంచే నరంలాంటి కట్టు తెగిపోయిందన్నాడు. ఇంకో చోట నుంచి తీసి వేసి కుట్టొచ్చు, ఏడాది పడుతుంది, అయినా మునుపటంత వేగం వస్తుందో రాదో చెప్పలేం అన్నాడు. సెప్టెంబర్ ఒకటిన విమానం ఎక్కింది డెలానో అనే ఇంకో పిచర్. వెళ్ళేముందు ఇంటికొచ్చి వెండెల్‌తో చాలాసేపు మాట్లాడాడు, బెర్నడీన్ పెట్టిన కేకు తినలేక తిన్నాడు. పదో తారీఖున జట్టు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక రావక్కర్లేదని మర్యాదగానే రాశారు.

లైల్ పడవ దిగి వచ్చి రెండు రోజులు ఏం మాట్లాడాలో తెలియక గరాజులో తిరిగి, మూడోనాడు పడవల మీద పనుంది, వస్తావా అని కొడుకుని అడిగాడు. చూద్దాంలే అన్నాడు వాడు.

ఒక సాయంత్రం ఇద్దరే ఉన్నారు ఇంట్లో. మొక్కజొన్న కంకి రెండు చేతులతో పట్టుకోలేడు కాబట్టి, ఆవిడ చాకుతో గింజలు ఒలిచి గిన్నెలో వేస్తోంది. ఆరేళ్ళప్పుడు ముందు పళ్ళు ఊడినప్పుడు ఇలాగే ఒలిచి పెట్టింది. వాడు చేతికి కట్టుతో బల్ల దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకుని ఏదో గీస్తున్నాడు.

"అమ్మా."

"ఊఁ."

"ఆ రోజు ఆరో ఇన్నింగ్స్‌లో రైలింగ్ దగ్గరికి ఎందుకెళ్ళావ్? కంచె దగ్గర్నుంచి కనిపించావు నాకు."

చాకు ఆగింది.

"స్వెట్టర్ ఇద్దామని."

"అదే చెప్పాడు డ్వైట్. నవ్వొచ్చింది." వాడు నవ్వలేదు. "అప్పుడు మాత్రం ప్రాణాలు పోయాయి నాకు. అయిపోయింది, అమ్మ చెప్పేస్తోంది అనుకున్నా. నిన్ను తిట్టుకున్నాను కూడా. డ్వైట్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాక తెలిసింది చెప్పలేదని." పెన్సిలు పక్కన పెట్టాడు. "అంత భయపడే మనిషివి. మాట మీద నిలబడ్డావు. ఈ ఏడాది నాకు జరిగిన మంచి అదొక్కటేనమ్మా."

బెర్నడీన్ నోరు తెరిచింది. చెప్పాలి. చెప్పడానికే వెళ్ళానురా, ఆ గోడ చూసి వెనక్కొచ్చాను అని చెప్పాలి. చెబితే వాడికి ఆ ఒక్కటీ పోతుంది. చెప్పకపోతే ఆ మెచ్చుకోలు తను మొయ్యాలి, బతికినన్నాళ్ళూ.

"తిను, చల్లారిపోతోంది" అంది.

గిన్నె వాడి ముందు పెట్టి, వెన్న వేసి, చెంచా ఎడమవైపు పెట్టింది. వాడు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. క్యాలెండరు ఆగస్టు దగ్గరే ఉండిపోయింది, ఆవిడ తిప్పలేదు. ఇరవై అయిదో తారీఖు గడి ఖాళీగా ఉంది.

"ఇది రాయడం మర్చిపోయావే" అన్నాడు.

పెన్సిలు ఎడమ చేత్తో పట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య బిగించి, చిన్నపిల్లాడిలా వంకర అంకెలతో నింపాడు. తొమ్మిది, చిన్న గీత, ఒకటి. ఒక అడుగు వెనక్కేసి చూసుకున్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుందిరా" అంది బెర్నడీన్, "బాగా రాశావు."